బొడిపె కోస్తే ఎర్రగా ఉండాలి

2021 జూలైలో మా పెసర చేను మొలిచిన 25 రోజులకే పాలిపోవడం మొదలుపెట్టింది. మొదట కింది ఆకులు, తర్వాత నడిమి ఆకులు. శృంగవరపుకోట వైపు, తూర్పు కనుమల పాదాల దగ్గర మాకున్న రెండెకరాల ఎర్ర గరువు అది. ఇరవై ఏళ్లకు పైగా జీడితోటగా ఉండేది. చెట్లు ముసలివై కాపు తగ్గాక నాన్న కొట్టించి, మొదళ్లు పెకలించి దుక్కి చేయించారు. ఆ ఏడే ఆయన మంచాన పడ్డారు. కొత్తగా తీసిన నేలలో ముందు అపరాలే వేయాలన్నది ఆయన మాట. నేను సొంతంగా చేయించిన మొదటి వ్యవసాయం కూడా అదే.

విత్తనానికి రైజోబియం కల్చర్ పట్టించాను. పొట్లం మీద గడువు చూశాను, బెల్లం పాకం చల్లార్చాను, నీడలో ఆరబెట్టాను. గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు ఇచ్చే సూక్ష్మజీవి అది. అంత శ్రద్ధగా చేశాక కూడా చేను నత్రజని లేక పాలిపోతుంటే నాకు ఏమీ పాలుపోలేదు.

పక్క పొలం చిన్నాన్న గట్టు మీద నిలబడి చూసి, "ఓ 20 కిలోల యూరియా చల్లమ్మా, నాలుగు రోజుల్లో నల్లబడుతుంది" అన్నారు. ఎరువుల దుకాణంలో అడిగితే జిప్సం వేయమన్నారు. యూరియా చల్లాను. చిన్నాన్న చెప్పినట్టే చేను నల్లబడింది, అంటే ముదురు పచ్చకు తిరిగింది. పది రోజులు సంతోషపడ్డాను. తర్వాత మళ్లీ పాలిపోయింది. తీగ సాగింది గానీ కాయ పట్టలేదు. ఎకరాకు క్వింటా గింజలు కూడా రాలేదు.

ఆ పంట పొలంలో ఉండగానే కృషి విజ్ఞాన కేంద్రంలో ఒక శాస్త్రవేత్తను కలిశాను. నేను ఆకుల ఫొటోలు చూపిస్తే ఆయన ఫోను పక్కన పెట్టి, "అమ్మా, వేళ్లు చూశారా?" అని అడిగారు. నేను చూడలేదు. అపరాల పంట వేసి వేరు చూడకపోవడం పాలిచ్చే ఆవు పొదుగు చూడకపోవడం లాంటిదని అప్పుడు అర్థమైంది.

మొక్కను పీకకూడదని ఆయనే చెప్పారు. పీకితే బొడిపెలు, అంటే రైజోబియం చేరి వేళ్ల మీద కట్టే చిన్న ఉండలు, నేలలోనే తెగి ఉండిపోతాయి, లేవని పొరబడతాం. ముందురోజు నీళ్లు పోసి నేలను మెత్తబరిచాను. మొక్క చుట్టూ జానెడు దూరంలో పార దించి మట్టి గడ్డతో సహా ఎత్తి, బకెట్ నీళ్లలో అరగంట నానబెట్టాను. మట్టి దానంతట అదే విడిపోయింది. వేరు చూసి బాధ కలిగింది. పీచు వేళ్లు లేవు. ఉన్న నాలుగు పక్క వేళ్లూ పొట్టిగా, లావుగా, కొసలు గోధుమ రంగు తిరిగి మొద్దుబారి ఉన్నాయి. పది మొక్కలు తీస్తే ఒక్కోదానికి రెండో మూడో బొడిపెలు, ఆవగింజంత. బ్లేడుతో నిలువుగా కోస్తే లోపల తెల్లగా ఉంది.

పని చేస్తున్న బొడిపె లోపల ఎర్రగా ఉండాలి. ఆ ఎరుపు లెగ్‌హీమోగ్లోబిన్ అనే పదార్థానిది. మన నెత్తురులోని హీమోగ్లోబిన్‌కు చుట్టం, దానిలోనూ ఇనుమే ఉంటుంది. నత్రజనిని స్థిరీకరించే ఎంజైము ఆక్సిజన్ తగిలితే పాడైపోతుంది, కానీ సూక్ష్మజీవి బతకడానికి ఆక్సిజన్ కావాలి. ఆ ఎర్రటి పదార్థం ఆక్సిజన్‌ను పట్టి ఉంచి, కొద్దికొద్దిగా అందిస్తుంది. తెల్లగా ఉన్న బొడిపె ఇంకా పని మొదలుపెట్టనిదైనా కావాలి, చేతకానిదైనా కావాలి. ఆకుపచ్చగా మారితే దాని పని అయిపోయినట్టు. 40 రోజుల పెసరలో తెల్లగా ఉందంటే నా కల్చర్ పొట్లం నేలపాలైనట్టే.

పంట కోశాక మట్టి తీశాను. పైనున్న చెత్త గీరేసి, ఇంగ్లీషు వి అక్షరంలా 15 సెంటీమీటర్ల లోతు గుంట తవ్వి, గోడ వెంట రెండు వేళ్ల మందాన పైనుంచి కిందిదాకా ఒకే పొరగా మట్టి చెక్కాలి. అలా రెండెకరాల్లో పన్నెండు చోట్ల తీసి, కలిపి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురు భాగాలు పారేస్తూ అరకిలోకు తెచ్చాను. జీడి చెత్త కుప్పలు వేసిన చోటు, గట్టు పక్క, పాత పశువుల పాక ఉన్న చోటు వదిలేశాను. నీడలో ఆరబెట్టి భూసార పరీక్షకు ఇచ్చాను.

ఉదజని సూచిక 4.9 అని వచ్చింది. మామూలుగా పీహెచ్ అంటున్నది ఇదే. 7 అయితే తటస్థం, అంతకు తగ్గితే ఆమ్లం. ఒక్క అంకె తగ్గితే ఆమ్లత పది రెట్లు పెరుగుతుందని తెలిశాక ఆ 4.9ని చూస్తే భయం వేసింది. మా కొండల కింది ఎర్ర నేలలు ఖొండలైట్ రాయి అరిగి ఏర్పడినవి. వానలు ఎక్కువ, నేల నీటిని నిలుపుకోదు. ఏళ్ల తరబడి కాల్షియం, మెగ్నీషియం కొట్టుకుపోయి వాటి స్థానంలో హైడ్రోజన్, అల్యూమినియం చేరతాయి. యూరియా లాంటి ఎరువులు దీన్ని ఇంకా పెంచుతాయి, ఎందుకంటే అమ్మోనియా నేలలో నైట్రేటుగా మారేటప్పుడు ఆమ్లం పుడుతుంది. చేను నల్లబడాలని నేను చల్లినది కూడా ఆ లెక్కలో చేరింది. పైగా నేలలో నత్రజని సిద్ధంగా దొరికితే మొక్క బొడిపెలు కట్టుకోవడమే తగ్గించేస్తుంది.

ఇంతకూ ఆమ్లం బొడిపెను ఎందుకు రానివ్వదు? ఆ శీతకాలం అంతా ఈ ఒక్క ప్రశ్న పట్టుకుని చదివాను, అడిగాను. పీహెచ్ 5.5 కంటే తగ్గితే బంకమట్టిలో బిగిసి ఉండే అల్యూమినియం కరిగి నీటిలోకి వస్తుంది. అది మొదట వేరు కొసను కొడుతుంది. నేను చూసిన మొద్దు వేళ్లు దాని పనే. అసలు దెబ్బ మరోచోట ఉంది. వేరు తన నుంచి కొన్ని పదార్థాలు మట్టిలోకి వదిలి సూక్ష్మజీవిని పిలుస్తుంది. సూక్ష్మజీవి తన సంకేతంతో బదులిస్తుంది. అప్పుడు నూగు వేరు వంకర తిరిగి దాన్ని లోపలికి చేర్చుకుంటుంది. ఆమ్ల నేలలో ఈ పిలుపూ సన్నగిల్లుతుంది, బదులూ సన్నగిల్లుతుంది. సూక్ష్మజీవి వేరుకు అంటుకోవడానికి కాల్షియం కావాలి, అదీ ఉండదు. లోపలికి చేరినా నత్రజనిని పట్టే ఎంజైముకు ఇనుముతో పాటు మాలిబ్డినం కావాలి. మిగతా సూక్ష్మ పోషకాలు చాలావరకు ఆమ్ల నేలలో తేలిగ్గా దొరికితే, మాలిబ్డినం మాత్రం అక్కడే బిగుసుకుపోతుంది. భాస్వరం కూడా ఇనుము, అల్యూమినియాలతో ముడిపడి అందకుండా పోతుంది.

ఇందులో రైతుకు అన్నిటికంటే ముఖ్యమైనది నాకు తర్వాత తట్టింది. బొడిపె కట్టే తొలి రోజులు ఆమ్లానికి మరీ సున్నితం. ఒకసారి కట్టాక కొంత ఓర్చుకుంటుంది. కాబట్టి చేను పాలిపోయాక, ఆమ్లాన్ని విరిచే సున్నం పైన చల్లితే ఆ పంటకు ఒరిగేది లేదు. విత్తడానికి ముందే నేల మారి ఉండాలి.

పరీక్ష కార్డులో పీహెచ్ అంకె ఉంటుంది గానీ, ఎంత సున్నం వేయాలో ఆ అంకె ఒక్కటే చెప్పదు. 4.9 ఉన్న ఇసుక నేలకూ 4.9 ఉన్న బంక నేలకూ సున్నం వేర్వేరుగా పడుతుంది, బంక నేలకు ఎక్కువ. దానికి సున్నం అవసరం తేల్చే వేరే పరీక్ష ఉంది. అడిగి చేయించుకున్నాను. మా ఇసుక పాలు ఎక్కువున్న నేలకు ఎకరాకు 8 క్వింటాళ్ల మెత్తని సున్నపురాయి పొడి అన్నారు. 7కు తీసుకెళ్లాలని ప్రయత్నించవద్దని గట్టిగా చెప్పారు. 6 దగ్గరికి వస్తే అల్యూమినియం బాధ తీరుతుంది. అంతకు మించి పోస్తే జింకు, బోరాన్, ఇనుము అందకుండా పోతాయి. డబ్బు లేనివారికి ఇంకో దారి కూడా చెప్పారు. హెక్టారుకు 2 నుంచి 4 క్వింటాళ్లు, అంటే ఎకరాకు 80 నుంచి 160 కిలోలు, విత్తే చాళ్లలో మాత్రమే వేయడం. ఒడిశా, జార్ఖండ్, అస్సాం వైపు ఆమ్ల నేలల్లో ఇది అలవాటు చేస్తున్నారట.

పొడి దొరకడమే పెద్ద పని అయింది. ఎరువుల దుకాణాల్లో మళ్లీ జిప్సమే చూపించారు. జిప్సంలో కాల్షియం ఉంది. వేరుశనగ కాయ గట్టిపడడానికి, చౌడు నేల బాగు కావడానికి అది మంచిదే. కానీ అది ఆమ్లాన్ని విరవదు, ఎందుకంటే అందులో ఉన్నది కార్బొనేటు కాదు, సల్ఫేటు. ఈ తేడా తెలియక ఎంతమంది ఆమ్ల నేలల్లో జిప్సం పోసి సున్నం వేశామనుకుంటున్నారో! ఎక్కడా దొరకక తిరుగుతుంటే, సముద్రం వైపు రొయ్యల చెరువులున్న మా వదిన, "మా చెరువుల్లోకి డోలమైట్ బస్తాలు వేస్తాం కదా, అది పనికిరాదా?" అంది. పనికొస్తుంది. డోలమైట్‌లో కాల్షియంతో పాటు మెగ్నీషియం కూడా ఉంటుంది. మా కార్డులో రెండూ తక్కువే. ఆమ్లాన్ని విరిచే శక్తి స్వచ్ఛమైన సున్నపురాయికి 100 అనుకుంటే స్వచ్ఛమైన డోలమైట్‌కు 109. ఆక్వా దుకాణం నుంచే తెప్పించాను. సరుకు కంటే ఆటో బాడుగ ఎక్కువైంది.

బస్తా విప్పి రెండు పరీక్షలు చేశాను. చిటికెడు పొడి మీద నిమ్మరసం పిండితే బుడగలు రావాలి. సున్నపురాయి పొడి అయితే బుసబుసమంటుంది, డోలమైట్ నెమ్మదిగా నురుగు కడుతుంది. తర్వాత మైదా జల్లెడ పట్టాను. మెత్తని పొడే నేలలో త్వరగా కరుగుతుంది, రవ్వలా ఉన్నది ఏళ్లు పడుతుంది. ఒక బస్తాలో రవ్వ ఎక్కువగా ఉంటే తిరిగి ఇచ్చేశాను.

కాల్చిన సున్నం వాడదామా అని ఆలోచించాను, తక్కువ బరువులో ఎక్కువ బలం కదా అని. కాల్చిన సున్నం శక్తి ఆ లెక్కలో 179. కానీ అది చర్మాన్ని, కళ్లను, మొలకను కాలుస్తుంది, విత్తే ముందు వేస్తే సూక్ష్మజీవులనూ చంపుతుంది. మా బంధువుల్లో ఒకరు అంచనాగా చేతికొచ్చినంత పోసి విత్తితే మొలకే రాలేదు. నాకు దాని జోలికి వెళ్లాలనిపించలేదు.

2022 ఏప్రిల్ చివరలో ఒక మంచి వాన పడింది. దుక్కి చేయించి, గాలి లేని ఉదయం ముక్కుకు గుడ్డ కట్టుకుని చల్లించాను. మొత్తం రెండెకరాలకూ వేయలేదు. నిజంగా సున్నం వల్లే తేడా వచ్చిందో లేదో తేల్చుకోవాలనుకున్నాను. చేనును ఐదు పట్టీలుగా కర్రలు పాతి విడదీశాను. ఒకదానికి ఏమీ వేయలేదు. ఒకదానికి కల్చర్ మాత్రమే. ఒకదానికి పూర్తి మోతాదు డోలమైట్, కల్చర్ లేకుండా. ఒకదానికి రెండూ. ఐదో పట్టీలో విత్తేటప్పుడు చాళ్లలో ఎకరాకు 120 కిలోల లెక్కన డోలమైట్, దానితో కల్చర్. పొడి పైనే ఉండిపోకుండా గుంటకతో రెండుసార్లు కలియదున్నించాను. తడి ఉంటేనే అది పని చేస్తుంది, అందుకే ఆ తర్వాత ఆరు వారాలు ఆకాశం వైపే చూశాను.

జూన్ మూడో వారంలో విత్తాం. ఆఖరి దుక్కిలో డీఏపీ బదులు సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ వేశాను, ఎకరాకు 125 కిలోలు. యూరియా 17 కిలోలు, మొదట్లో మొక్క నిలదొక్కుకోవడానికి మాత్రమే. వాటిని సున్నంతో కలిపి వేయకూడదు. కలిపితే యూరియాలోని నత్రజని అమ్మోనియాగా ఎగిరిపోతుంది, భాస్వరం బిగుస్తుంది. విత్తన శుద్ధి మందు ముందు పట్టించి ఆరాక, అన్నిటికంటే చివర కల్చర్ పట్టించాను. 200 గ్రాముల పొట్లం, చల్లారిన బెల్లం నీళ్లు, 8 కిలోల విత్తనం. ప్రతి గింజకూ నల్లటి పూత అంటిందో లేదో గుప్పెడు తీసి వెలుతురులో చూశాను. చాళ్ల పట్టీ కోసం, పూత ఆరే ముందు గింజ మీద కాస్త మెత్తని డోలమైట్ కూడా చల్లి దొర్లించాను. గింజ చుట్టూ చిన్న సున్నపు గూడు కట్టినట్టు. మెత్తని రాతి పొడి మాత్రమే దీనికి వాడాలి, కాల్చిన సున్నం కాదు.

30వ రోజున మళ్లీ పార, బకెట్, బ్లేడు. ఒక్కో పట్టీలో పది మొక్కలు. రాత్రి వరండాలో బల్బు కింద పళ్లెంలో వేళ్లు పరిచి లెక్కపెట్టాం. మా అబ్బాయి రాశాడు. ఏమీ వేయని పట్టీలో మొక్కకు సగటున 2 బొడిపెలు. కల్చర్ మాత్రమే వేసిన చోట 3. ఆ రెండంకెలు పక్కపక్కన చూసినప్పుడు పోయిన ఏడాది జరిగింది పూర్తిగా తెలిసింది. పొట్లం మంచిదే, విత్తిన చోటు దానికి బతికే చోటు కాదు. డోలమైట్ మాత్రమే వేసిన పట్టీలో 11. నేను దీన్ని ఊహించలేదు. కల్చర్ వేయకుండా అన్ని ఎక్కడివి? నేలలో మిగిలిన కొద్దిపాటి సూక్ష్మజీవులే, ఊపిరి తీసుకోగలిగే నేల దొరగ్గానే పెరిగాయి. పెసర, మినుము, అలసంద, కంది, వేరుశనగ, ఇవన్నీ ఒకే కుటుంబం సూక్ష్మజీవులతో జతకడతాయి కాబట్టి గట్ల మీద పెరిగే అడవి చిక్కుడు జాతుల నుంచి కూడా అవి వచ్చి ఉండవచ్చు. రెండూ వేసిన పట్టీలో 19, చాళ్ల పట్టీలో 14.

కానీ నన్ను కదిలించింది ఆ సంఖ్యలు కావు. రెండూ వేసిన పట్టీలోని మొక్క తల్లి వేరు మెడ దగ్గర, మిరియం గింజంత బొడిపె ఒకటి ఉంది. బ్లేడు పెట్టి కోస్తే లోపల దానిమ్మ గింజ రంగు. వేలితో నొక్కితే గోరు మీద ఎర్రటి తడి అంటింది. మంచం మీద ఉన్న నాన్నకు ఆ వేలు చూపించాను. ఆయన చాలాసేపు చూసి, "పోడు కొట్టిన చోట కందులు ఎందుకు అంత బాగా వస్తాయో ఇప్పుడు తెలిసింది" అన్నారు. చిన్నతనంలో ఆయన కొండల మీద పోడు చేలు చూశారు. చెట్లు కాల్చిన బూడిదలో క్షారం ఉంటుంది, రెండు మూడేళ్లు ఆమ్లాన్ని విరుస్తుంది. ఆనప పాదుకు నాయనమ్మ పొయ్యి బూడిద పోసేదని కూడా ఆయనే గుర్తు చేశారు. బూడిదలోని ఆ గుణం ఆమెకు ఎవరూ చెప్పలేదు. కాపు చూసే తెలుసుకుంది.

కోత నాటికి రెండూ వేసిన పట్టీలో దిగుబడి ఏమీ వేయని దానికి రెట్టింపు పైనే వచ్చింది. చాళ్ల పట్టీ అంతకు కొంచెం తక్కువ, కానీ పెట్టిన ఖర్చుతో చూస్తే నాకు అదే నచ్చింది. చేతిలో డబ్బు తక్కువున్నవారు అక్కడ మొదలుపెట్టవచ్చని ఎవరడిగినా చెబుతున్నాను. దాని లోపం ఒకటి ఉంది. మరుసటి ఏడు దున్నగానే ఆ పొడి చెదిరిపోతుంది, మళ్లీ వేయాలి. 2023లో వేయకుండా చూశాను, బొడిపెలు సగానికి పడిపోయాయి. పూర్తి మోతాదు వేసిన చోట మాత్రం నిలిచే ఉన్నాయి. పీహెచ్ 5.8 చూపించింది.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పాలి. అపరాలు నేలకు మేలు చేస్తాయని మనం చిన్నప్పటి నుంచీ వింటున్నాం. నత్రజని విషయంలో అది నిజం. కానీ గాలి నత్రజని మీద బతికే మొక్క నేల నుంచి కాల్షియం, పొటాషియం లాంటివి ఎక్కువ తీసుకుని బదులుగా ఆమ్లం వదులుతుంది. కాయలు కోసి, తీగలు కూడా పశువులకు మోసుకుపోతే ఆ కాల్షియం చేను దాటిపోయినట్టే. ఏటా పెసర వేసి, ఆకు అలం అంతా తీసేస్తే మంచి నేల కూడా మెల్లగా పుల్లబడుతుంది. అందుకే తీగలు మేసిన పశువుల పెంటను మళ్లీ ఆ చేనుకే తోలిస్తున్నాను.

నా చేను చూసి వెళ్లినవారు కొందరు తమ పొలాల్లోనూ వెంటనే సున్నం వేస్తామన్నారు. అందులో ఒకాయనది నల్లరేగడి, పీహెచ్ 8.2. పాలిపోయింది పై చిగుళ్లు, ఈనెలు ఆకుపచ్చగా, మధ్య పసుపుగా. అది ఇనుము లోపం, అక్కడ సున్నం వేస్తే ఉన్న పైరు కూడా పోతుంది. మాది కింది ఆకు నుంచి మొదలైంది, ఆకంతా ఒకే తీరుగా పాలిపోయింది. కార్డు చేతిలో లేకుండా నేను ఎవరికీ డోలమైట్ వేయమని చెప్పను.

నిరుడు అదే చేనులో కంది వేశాను. పెసరలా బాగుపడుతుందనుకున్నాను, అంతగా పడలేదు. వేరు పక్కన నడుం లోతు గుంట తీయించి చూశాను. తల్లి వేరు అడుగు లోతు దాకా నిటారుగా దిగి, అక్కడి నుంచి మోచేయిలా పక్కకు తిరిగింది. ఆ లోతులో మట్టి తీసి పంపితే పీహెచ్ 4.7. సున్నం దున్నిన మేరకే పని చేసింది, కిందికి దిగదు. పెసర వేరుకు ఆ పైపొర సరిపోయింది, కందికి సరిపోలేదు. దీనికి ఏం చేయాలని అడిగితే ఆ శాస్త్రవేత్త జిప్సం అన్నారు. నేను మొదట నమ్మలేదు. జిప్సం నీటిలో కరిగి వానతో పాటు కింది పొరలోకి దిగుతుందట. పీహెచ్ పెంచదు, కానీ అక్కడ కాల్షియం చేర్చి అల్యూమినియం విషాన్ని తగ్గిస్తుందట. పైపొరకు సున్నం, కింది పొరకు జిప్సం. మూడేళ్ల క్రితం వద్దని వచ్చిన దుకాణం నుంచే పోయిన వారం నాలుగు బస్తాలు తెచ్చి, ఒక్క పట్టీలో చల్లించి కర్రలు పాతాను. కంది విత్తనం సిద్ధంగా ఉంది, వాన కోసం చూస్తున్నాం.